యాక్సెస్ డినైడ్: మౌసా, కమాండా, ఉబుంటు పెన్‌డ్రైవా?

పర్లాకిమిడిలో మా బావకి ఫోటో స్టూడియో ఉంది. పెళ్లిళ్ల సీజన్ వస్తే ఇటు కాశీనగర్, అటు పాతపట్నం దాకా తిరుగుతాడు. మొన్న పాత కంప్యూటర్ మూలపడింది. కొత్త ల్యాప్‌టాప్‌కి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ తగిలిస్తే ఫోల్డర్లన్నీ కనిపిస్తున్నాయి కానీ, ఏది నొక్కినా ‘యాక్సెస్ డినైడ్’. దగ్గర్లోని షాపతను "ఫార్మాట్ కొట్టేస్తే పోతుంది" అన్నాడట. పోతుంది, ఫోటోలతో సహా.

ఓనర్ ఎవరో చూడమని ఫోన్‌లో చెప్పాను. రైట్ క్లిక్, ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్.

"పేరేం లేదురా, ఎస్-1-5-21 అని బారెడు నంబరుంది."

హమ్మయ్య అనుకున్నాను. ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ ఫైళ్లని సర్దిపెట్టుకునే ఫార్మాట్) డిస్కులో ప్రతి ఫైలుకీ ఒక ఓనర్ ఉంటాడు. విండోస్ అతన్ని పేరుతో కాదు, ఆ నంబరుతో గుర్తుపెట్టుకుంటుంది. కొత్త కంప్యూటర్లో అదే పేరుతో అకౌంట్ పెట్టినా నంబరు వేరే. అంటే డిస్క్ చెడిపోలేదు, బావని గుర్తుపట్టలేదంతే.

అక్కడే ఓనర్ పక్కన ‘చేంజ్’ నొక్కి తన పేరిచ్చి, లోపలి ఫోల్డర్లకీ వర్తించేలా టిక్ పెట్టి, ‘ఫుల్ కంట్రోల్’ ఇచ్చుకోవచ్చు. ఒకటి రెండు ఫోల్డర్లయితే నా ఓటు దీనికే, చేసేది కళ్లముందు కనిపిస్తుంది. వేల ఫోటోల డిస్కుకి పెడితే మాత్రం ఎక్కడో ఒక ఫైలు దగ్గర ఆగి, ‘కంటిన్యూ’ నొక్కమంటూ ప్రాణం తీస్తుంది.

అలాంటప్పుడు కమాండ్ ప్రాంప్ట్ మేలు. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ముందు ‘టేక్‌ఓన్’, తర్వాత ‘ఐక్యాకల్స్’ కమాండ్లు నడపాలి. మొదటిది ఓనర్ని మారుస్తుంది, రెండోది పర్మిషన్ ఇస్తుంది. చాలామంది మొదటిదానితో ఆపేసి ఇంకా తెరుచుకోలేదని గోల పెడతారు. డ్రైవ్ అక్షరం ఒకటికి రెండుసార్లు చూసుకోండి. ‘ఇ’ బదులు ‘సి’ కొట్టారంటే విండోస్ సొంత ఫైళ్ల పర్మిషన్లు చెదిరిపోతాయి, ఇక ఆ టెన్షన్ వేరు.

ఈ రెండూ డిస్క్ మీద మార్పులు రాస్తాయి. కాపీ మాటిమాటికీ వేలాడిపోయే డిస్కుతో ఆ పని చేయకూడదు, డిస్కులో తప్పులు వెతికి సరిచేసే చెక్‌డిస్క్ కమాండ్ అయితే అసలు వద్దు. ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఇన్‌స్టాల్ చేయకుండానే ఫైళ్లని ఇంకో డిస్కుకి లాగేయడం నయం. ఉబుంటు అంటే విండోస్ బదులు వాడే లినక్స్, అది మామూలుగా విండోస్ ఓనర్ నంబర్లని పట్టించుకోదు. అదే డిస్క్ టకటకా కొట్టుకుంటుంటే మాత్రం వైరు తీసేసి, డేటా రికవరీ వాళ్లకి ఇవ్వడమే.

ఫైలు గుర్తు మీద చిన్న తాళం బొమ్మ ఉందా? అయితే మూడు పద్ధతులూ దండగే. అది ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైలు. పాత కంప్యూటర్లో దానికి తయారైన సర్టిఫికెట్ బ్యాకప్ ఉండాల్సిందే.

బావ డిస్క్ శుభ్రంగానే ఉంది కాబట్టి కమాండే పెట్టించాను. రాత్రి పెట్టి పడుకున్నాడు, పొద్దున్నకి ఫోల్డర్లు తెరుచుకున్నాయి. ఇప్పుడు డిస్కుని ఎక్స్‌ఫ్యాట్ అనే ఇంకో ఫార్మాట్‌లోకి మార్చేయనా అని అడుగుతున్నాడు. అందులో ఓనర్ల గోల ఉండదు, నిజమే. కానీ జర్నలింగ్ (చేయబోయే మార్పుల్ని ముందే చిట్టా రాసుకోవడం) కూడా ఉండదు కాబట్టి, ఎజెక్ట్ కొట్టకుండా వైరు పీకితే ఫైళ్లు పాడయ్యే ప్రమాదం ఎక్కువ. బావ వైరు ఎలా పీకుతాడో నాకు తెలుసు. ఎన్‌టీఎఫ్ఎస్‌లోనే ఉంచమన్నాను.