ఎఫ్‌ఆర్-ఎస్‌కి కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్: చెవికి విందు, కాలికి పస్తు

ముందే తీర్పు చెప్పేస్తాను, ఓపిక లేనివాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు. ఇంజిన్ గాలి పీల్చే ఫిల్టరూ గొట్టమూ మార్చే ఈ కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ కిట్‌ని శబ్దం కోసమైతే కొనుక్కోండి, బాగుంటుంది. ఎక్సలేటర్ మీద కాలు పడగానే బండి దూకాలన్న ఆశతో అయితే మాత్రం 350 డాలర్లు దీని మీద పెట్టకండి. ఆ దూకుడు వేరేచోట దొరుకుతుంది, ఎక్కడో కిందికెళ్ళాక చెబుతాను.

నా బండి 2013 సయాన్ ఎఫ్‌ఆర్-ఎస్, ఆరు గేర్ల మాన్యువల్. టొయోటా, సుబారు కలిసి చేసిన కారు. ఇదే బండి మిగతా దేశాల్లో టొయోటా 86, జీటీ86 పేర్లతో, సుబారు షోరూముల్లో బీఆర్‌జడ్ పేరుతో అమ్ముడుపోయింది. 2016లో టొయోటా సయాన్ బ్రాండునే ఎత్తేసింది కాబట్టి, ఇక్కడ కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో మన తెలుగువాళ్ళ పార్టీలకి వెళ్తే పార్కింగులో "ఇదే కంపెనీ అండీ?" అని అడిగేవాళ్ళు ఇంకా తగులుతుంటారు. 1998 సీసీ బాక్సర్ ఇంజిన్, టర్బో లేదు, 7000 ఆర్‌పీఎమ్ దగ్గర 200 హార్స్‌పవర్. స్టీరింగు తిప్పితే ప్రాణం లేచొస్తుంది. పికప్ దగ్గరికొచ్చేసరికి, ముఖ్యంగా 3500 నుంచి 4500 ఆర్‌పీఎమ్ మధ్య, టార్క్, అంటే లాగే బలం, ఒక గుంటలో పడి లేస్తుంది. ఈ బండి నడిపిన ఎవరినడిగినా ఆ గుంట గురించి మీకంటే ముందు వాళ్ళే మొదలెడతారు.

కిట్ కంపెనీ పేరు రాయడం లేదు. ఈ తరహావన్నీ ఇంచుమించు ఒకే సరుకు: స్టాక్ (కంపెనీ బిగించి ఇచ్చిన) ఫిల్టర్ డబ్బా స్థానంలో శంకువు ఆకారపు కాటన్ ఫిల్టరు, దాని చుట్టూ రేకుతో వేడి అడ్డు, అక్కణ్ణుంచి థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలిని వదిలే పలక ఉండే భాగం) దాకా నున్నటి గొట్టం, నాలుగు క్లాంపులు, ఒక స్టిక్కరు. డబ్బా మీద మాత్రం "థ్రాటిల్ రెస్పాన్స్ మెరుగవుతుంది" అని, అంటే కాలు వేయగానే బండి అందుకుంటుందని, పెద్దక్షరాలతో ఉంటుంది. నేను చూసిన ప్రతి డబ్బా మీదా ఉంది.

తీసేసే స్టాక్ సరుకు ఏమంత చెడ్డదని అడిగితే, చెడ్డది కాదు. గాలి రేడియేటర్ పైనుంచి, ముందు బంపర్ వైపునుంచే వస్తుంది, అంటే "కోల్డ్ ఎయిర్" కంపెనీ వాళ్ళే ఇచ్చారు. ఫిల్టర్ తర్వాతి గొట్టానికి మధ్యలో మడతలుంటాయి, ఇంజిన్ ఊగినా గొట్టం చిరగకూడదని. పక్కనే శబ్దాన్ని మింగడానికి ఒక ఖాళీ డబ్బా. పైగా ఒక సన్న పైపు అక్కణ్ణుంచి డాష్‌బోర్డు వెనక్కి పోతుంది, ఇంజిన్ పీల్చే మోత డ్రైవర్‌కి వినపడాలని. ఒక పక్క వీధికి శబ్దం తగ్గించి, ఇంకో పక్క అదే శబ్దాన్ని మోసుకొచ్చి మన చెవిలో పోస్తారు. నాకు ఈ తెలివి చాలా నచ్చింది.

బిగింపు మౌంటెన్ హౌస్‌లో మా బాబాయి కొడుకు గరాజ్‌లో చేశాం, మా అపార్ట్‌మెంట్ పార్కింగులో బానెట్ ఎత్తితే నోటీసొస్తుంది. 10 ఎంఎం సాకెట్, ప్లస్ స్క్రూడ్రైవర్, ప్లాస్టిక్ క్లిప్పులు ఊడదీసే పుల్ల ఉంటే చాలు. జాగ్రత్త పడాల్సింది ఒక్కచోటే, ఎమ్‌ఏఎఫ్ సెన్సర్ దగ్గర. ఇంజిన్‌లోకి ఎంత గాలి పోతోందో తూచి చెప్పేది అదే, లోపల వేడెక్కే పొర ఎంతో సున్నితం, వేలు తగలనీయకూడదు. అది దాటాక ఏ జాయింటు దగ్గర గాలి దూరినా ఆ గాలికి లెక్క ఉండదు, ఐడిల్‌లో ఇంజిన్ వణుకుతుంది. కాబట్టి క్లాంపులన్నీ బిగించాక మళ్ళీ ఒకసారి చేత్తో లాగి చూసుకోవాలి. మా కిట్‌లో గొట్టాలు తిన్నగా కూర్చున్నాయి, వాల్వ్ కవర్ నుంచి వచ్చే బ్రీదర్ గొట్టానికి చోటు సరిగ్గా ఉంది, బానెట్ ఎక్కడా తగల్లేదు. డాష్‌బోర్డు వైపు పోయే పైపుకి మూత కూడా ఇచ్చారు. పనితనానికి వంక పెట్టను.

ఇక శబ్దం. ఆల్టమాంట్ ఎక్కుతూ మూడో గేరులో 4000 దాటగానే గుక్కతిప్పుకోకుండా గాలి మింగే గర్జన ఒకటి మొదలవుతుంది. కాలు తీయగానే "ఫుస్స్" అని ఒక నిట్టూర్పు. సూనోల్ దాటి నైల్స్ కాన్యన్ రోడ్డు మీద, పక్కన కొండ గోడ ఉన్నచోట అద్దాలు దించి వింటే నా వయసు ఇరవై ఏళ్ళు తగ్గింది. మా ఆవిడ మాత్రం లివర్‌మోర్ గుడికి వెళ్తుంటే, "ఏవండీ, సైలెన్సర్ ఏమైనా ఊడిందా?" అంది. శనివారం గుడి పార్కింగులో అందరూ తలతిప్పి చూసిన సంగతి ఆవిడ ఇప్పటికీ మర్చిపోలేదు.

ఆ మొదటి రోజు నన్నడిగి ఉంటే పికప్ పెరిగిందనే ప్రమాణం చేసి చెప్పేవాణ్ణి. కాకినాడలో మా కుర్రతనంలో ఆర్‌ఎక్స్ 100కి ఫిల్టర్ డబ్బా పీకేసి "చూశావా, ఎలా లాగుతోందో" అనే బ్యాచి ఒకటుండేది. మోత ఎక్కువైతే బండి వేగం పెరిగినట్టే అనిపిస్తుంది. అందుకే ఓబీడీ లాగర్, అంటే బండి కంప్యూటర్‌కి తగిలించి రీడింగులు రాసుకునే పరికరం, పెట్టి చూశాను. ఇలాంటి బ్లూటూత్ ముక్కతో మిల్లీసెకన్లు కొలవలేం, సెకనుకి నాలుగైదు రీడింగులు వస్తే గొప్ప. కానీ పెడల్ ఎంత దిగింది, థ్రాటిల్ ఎంత తెరుచుకుంది, గాలి సెకనుకి ఎన్ని గ్రాములు, ఎంత వేడి, ఇవన్నీ పక్కపక్కనే కనిపిస్తాయి. మూడో గేరులో 2500 నుంచి 6500 దాకా లాగిన సమయాలు చూస్తే, స్టాక్‌కీ కిట్‌కీ మధ్య తేడా ఒకే ఫిల్టర్‌తో రెండుసార్లు తీసినప్పుడు వచ్చే తేడాలో కలిసిపోయింది.

కొంచెం ఆలోచిస్తే అలా రావడమే న్యాయం. కాలు సగం దించినప్పుడు గాలికి అడ్డం నిలబడేది థ్రాటిల్ పలక, ఫిల్టర్ కాదు. పలకకి అవతల మానిఫోల్డ్‌లో వాక్యూమ్, ఇవతల దాదాపు బయట ఉన్నంత పీడనం. పలక తెరిచిన క్షణంలో నిండాల్సింది అవతలి మానిఫోల్డ్, ఇవతలి గొట్టం ఎప్పుడో నిండే ఉంది. దాన్ని నున్నగా చేసినా, పొట్టిగా చేసినా ఆ క్షణానికి ఒరిగేది చాలా తక్కువ. ఫిల్టర్ అడ్డమనేది తెలిసేది పూర్తిగా తొక్కి ఆర్‌పీఎమ్ పైకి తీసుకెళ్ళినప్పుడు. ఈ ఇంజిన్ రెండు చుట్లకోసారి రెండు లీటర్లు పీలుస్తుంది, 7000 దగ్గర అది నిమిషానికి ఇంచుమించు 7000 లీటర్లు, బరువులో సెకనుకి 140 గ్రాములు. అక్కడ మంచి ఫిల్టరుకి కాస్త విలువుంటుంది. కానీ రోడ్డు మీద 7000లో మనం ఎంతసేపుంటాం చెప్పండి.

ఇంకోటి. గొట్టం లావు మారితే ఎమ్‌ఏఎఫ్ లెక్క తప్పుతుంది, ఎందుకంటే అది గాలి మొత్తాన్ని కొలవదు, తన ముందునుంచి పోయేదాన్ని బట్టి మిగతాది అంచనా వేస్తుంది. ట్యూన్, అంటే ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) సాఫ్ట్‌వేర్ మార్చడం, అక్కర్లేదని చెప్పే కిట్లు సెన్సర్ దగ్గర స్టాక్ వ్యాసానికి దగ్గరగా ఉంచుతాయి. నా బండిలో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ ఇంధనాన్ని ఎంత సర్దుతోందో చెప్పే అంకె) 1 శాతం దగ్గర ఉండేది, కిట్ పెట్టాక 5కి ఎక్కి అక్కడే ఆగింది. ఈసీయూ తనే సర్దుకునేంతలోనే ఉంది కనుక కంగారు లేదు.

నాకు అసలు చిరాకు తెప్పించింది వేడి. లాగర్ ఇక్కడ కూడా సెల్సియస్‌లోనే పెట్టుకున్నాను, ఫారెన్‌హీట్‌లో ఎండ నాకు ఇప్పటికీ ఒంటికి ఎక్కదు. బయట 30 ఉన్న సాయంత్రం, మౌరీ అవెన్యూ సిగ్నళ్ళ దగ్గర ఆగుతూ పోతుంటే స్టాక్ డబ్బాలో గాలి 40 దగ్గర ఉండేది. ఈ కిట్‌తో 55 దాటింది. రేకు అడ్డు ఉంది, పైన బానెట్‌కి ఆనే రబ్బరు అంచూ ఉంది, అయినా నిలబడ్డ బండిలో ఇంజిన్ వేడి ఎక్కడో ఒకచోట దూరుతుంది. హైవే ఎక్కాక ఓ నిమిషానికి దిగొస్తుంది గానీ, సిగ్నల్ పడగానే మొదటి గేరులో కాలు వేసేది ఆ నిమిషంలోనే కదా. మూడు డిగ్రీలు పెరిగితే గాలి సాంద్రత ఒక శాతం తగ్గుతుంది. 15 డిగ్రీలంటే అయిదు శాతం, 200 హార్స్‌పవర్‌లో పది గాలికి పోయినట్టు. పికప్ కోసం కొన్న సరుకు సరిగ్గా పికప్ కావాల్సినచోట వేడిగాలి పీలుస్తోంది.

మరి కాలికి తెలిసే తేడా ఎక్కడుంది? పెడల్‌లో. ఈ బండిలో ఎక్సలేటర్‌కీ థ్రాటిల్‌కీ మధ్య కేబుల్ లేదు, వైరు. పెడల్ దగ్గరి సెన్సర్ ఒక వోల్టేజీ పంపుతుంది, దాన్ని బట్టి థ్రాటిల్ ఎంత, ఎంత త్వరగా తెరవాలో ఈసీయూ నిర్ణయిస్తుంది. పెడల్ ప్లగ్గుకీ వైరింగుకీ మధ్య పెట్టే చిన్న డబ్బాలు వస్తాయి, అవి ఆ వోల్టేజీని పెంచి పంపుతాయి. మీరు పావువంతు తొక్కితే ఈసీయూకి సగం తొక్కినట్టు కబురెళ్తుంది. హార్స్‌పవర్ ఒక్కటి కూడా పెరగదు, పూర్తిగా తొక్కితే ఎప్పటి బండే. కానీ మొదటి అంగుళంలో తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

మా తమ్ముడి మీద ప్రయోగం చేశాను. వాడికి ఏమీ చెప్పకుండా మొదట కిట్‌తో, పెడల్ డబ్బా లేకుండా నడపనిచ్చాను. తర్వాత స్టాక్ ఫిల్టర్ డబ్బా తిరిగి బిగించి, పెడల్ డబ్బా మధ్య సెట్టింగులో పెట్టి తాళాలిచ్చాను. రెండోసారి వీధి చివరికి వెళ్ళొచ్చి, "ఇదే కదా నువ్వు కొన్న కొత్త ఫిల్టరు? ఇందాకటిది ఉత్త మోత అన్నయ్యా, ఇది లాగుతోంది" అన్నాడు. 350 డాలర్ల సరుకు అప్పుడు గరాజ్‌లో నేల మీద ఉంది.

పెడల్ డబ్బాకీ దాని కష్టాలు దానికున్నాయి. పార్కింగులో, ట్రాఫిక్‌లో మొదటి గేరులో బండి ఎగిరెగిరి పడుతుంది. నేను అడుగు సెట్టింగులోకి దించేశాను. అదీ వద్దనుకుంటే ఎమ్‌ఏఎఫ్ క్లీనర్ స్ప్రే ఒకటి, థ్రాటిల్ బాడీ క్లీనర్ ఒకటి కొనండి, పదేళ్ళు దాటిన బండికి పాతిక డాలర్లలోపు అయిపోతుంది. నా బండిలో పలక అంచున నల్లటి మడ్డి పేరుకుని ఉండేది, అది తుడిచాక కాలు పెట్టిన మొదటి మిల్లీమీటరులో ఉండే తటపటాయింపు పోయింది.

టార్క్ గుంట సంగతి అడుగుతారని తెలుసు. ఇన్‌టేక్ దాన్ని పూడ్చదు. హెడర్ (ఇంజిన్ నుంచి పొగ బయటికి తెచ్చే మొదటి గొట్టాలు) మార్చి, దానికి తగ్గ ట్యూన్ వేస్తే చాలావరకు పూడుతుంది. కానీ ఈ ఇంజిన్‌లో స్టాక్ హెడర్‌లోనే క్యాటలిటిక్ కన్వర్టర్ కలిసి ఉంటుంది, కాలిఫోర్నియాలో దాని జోలికి వెళ్తే స్మాగ్ టెస్టులో (పొగ కాలుష్యం తనిఖీలో) ఇంటికి పంపిస్తారు. 2021 జులై నుంచి ఈసీయూ సాఫ్ట్‌వేర్ మారిందేమో కూడా చూస్తున్నారు, కాబట్టి అనుమతి లేని ట్యూన్ వేసి, టెస్టు రోజు ఏదో సర్దుకుందామనే పప్పులు ఉడకవు. ఇన్‌టేక్‌కీ ఇదే కథ. కార్బ్ (కాలిఫోర్నియా వాయు కాలుష్య నియంత్రణ సంస్థ) ఇచ్చిన ఈవో నంబరు, అంటే అనుమతి నంబరు, ఉన్న కిట్ అయితేనే రెండేళ్ళకోసారి స్మాగ్ టెస్టులో కంటితో చూసే తనిఖీ దాటుతుంది. ఆ నంబరు మీ మోడల్‌కీ, మీ సంవత్సరానికీ ఉందో లేదో కార్బ్ సైటులో చూసుకోండి, అమ్మేవాడి మాట మీద వదిలేయకండి.

హైదరాబాదులో మా మేనల్లుడు తన పోలో జీటీ టీఎస్‌ఐకి "ఇలాంటిదే వేయించనా మావయ్యా" అని ఫోన్ చేశాడు. వద్దన్నాను. వాడి బండిలో ఆలస్యం టర్బో నిండడంలో ఉంది, పైగా శంకువు ఫిల్టర్ పెట్టి మన రోడ్ల దుమ్ములో తిప్పితే సన్నటి మట్టి లోపలికి పోతుంది. నూనె పూసిన కాటన్ ఫిల్టరు కడిగి మళ్ళీ వాడుకోవచ్చన్నది నిజమే, కానీ నూనె రవ్వంత ఎక్కువైతే అది వెళ్ళి సెన్సర్ మీద కూర్చుంటుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 బండి మార్పుల విషయంలో ఎంత కచ్చితమో వాడే నాకు చదివి వినిపించాడు. మంచి పేపర్ ఫిల్టరు సమయానికి మారిస్తే చాలని తేల్చాం.

నా కిట్ ఇప్పుడు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా బానెట్ కింద, ఎండాకాలమంతా అటక మీద. చలికాలం ఉదయాల్లో నైల్స్ కాన్యన్‌లో దాని గర్జన కోసం ఆ మార్పిడి శ్రమ పడతాను. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్ళు ఈవో స్టిక్కర్ చిరగకుండా ఉందో లేదో, సెన్సర్ కూర్చునే చోట మరలు అరిగాయో లేదో చూసి 200 డాలర్లకి మించి ఇవ్వకండి. మీ స్టాక్ ఫిల్టర్ డబ్బా మాత్రం ఎవరికీ అమ్మకండి, బండి అమ్మేటప్పుడు కొనేవాడు మొదట అడిగేది దాన్నే.