ఉరుము దరువుకు 32 బిట్ ఫ్లోట్ రికార్డర్: దీర్ఘకాల వాడకం తర్వాత

అనంతపురంలోని మా ఇంట్లో ఉరుము అనే జానపద చర్మవాద్యాన్నీ, పెద్దవాళ్లు పాడే పాటలనూ భద్రపరచడానికి అరచేతిలో ఇమిడే 32 బిట్ ఫ్లోట్ (అతి మెల్లని ధ్వని నుంచి అతి పెద్ద ధ్వని దాకా అంకెల్లో రాయగల పద్ధతి) రికార్డర్‌ను రెండేళ్లకు పైగా వాడుతున్నాను. అంతకుముందున్న 16 బిట్ పరికరంలో లెవెల్ ఎంత జాగ్రత్తగా పెట్టినా, దరువు ముదిరేసరికి మీటరు సున్నా డెసిబెల్‌ను (డిజిటల్ రికార్డింగ్‌లో గరిష్ఠ హద్దు) తాకి, తరంగాల కొసలు తెగి, శబ్దం పగిలిపోయేది. అలా తెగిన కొసలను ఏ సాఫ్ట్‌వేరూ ఉన్నదున్నట్టు తిరిగి తేలేదు. డీక్లిప్ సాధనాలు చేసేది అంచనాతో పూడ్చడమే.

ఈ పరికరంలో రికార్డింగ్ లెవెల్ తిప్పే మీటే లేదు. లోపలున్న, మైకు సంకేతాన్ని అంకెలుగా మార్చే రెండు కన్వర్టర్లలో ఒకటి మెల్లని ధ్వనిని, రెండవది పెద్ద ధ్వనిని పట్టుకుంటాయి. ఫైలును ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే హద్దు గీత దాటిపోయి పాడైనట్టు కనిపించే తరంగం, పది డెసిబెల్స్ తగ్గించగానే చెక్కుచెదరకుండా బయటపడుతుంది. ఈ ఒక్క విషయంలో పరికరం నన్ను ఎన్నడూ నిరాశపరచలేదు.

అయితే ప్రకటనల్లో చెప్పినట్టు "ఇక పగలడమనేదే ఉండదు" అనుకుంటే పొరపాటు. కన్వర్టర్ దాకా రాకముందే మైకు క్యాప్సూల్ (ధ్వనిని పట్టే భాగం) తన శక్తికి మించిన ఒత్తిడికి లోనైతే, ఆ వికృత ధ్వనినే 32 బిట్లు నమ్మకంగా రాసిపెడతాయి. ఉరుముకు మూరెడు దూరంలో పెట్టినప్పుడు జరిగేది ఇదే. నాలుగైదు అడుగులు వెనక్కి జరిపితే ఆ బాధ తీరుతుంది కానీ, తాడిపత్రి నాపరాళ్లు పరిచిన మా నడవలో ప్రతిధ్వని మొదలవుతుంది. నేలమీద జంపఖానా, గోడకు రెండు బొంతలు తప్పనిసరి. పాడేవారి నోటికి ఎదురుగా మైకు ఉంటే "ప", "భ" అక్షరాల దగ్గర ఊపిరి తగిలి వచ్చే దెబ్బను కూడా ఏ బిట్లూ ఆపలేవు. మైకును కాస్త పక్కకు తిప్పి, స్పాంజి తొడుగు వేయాలి.

బంధువులకు పంపే ముందు మరో జాగ్రత్త అవసరం. లెవెల్ తగ్గించకుండా 16 బిట్‌లోకి మారిస్తే, అంతవరకు కాపాడుకున్న కొసలన్నీ అక్కడే తెగుతాయి. ఎంపీ3 చేసేటప్పుడు నేను మైనస్ 1 డెసిబెల్ దాటనివ్వను. 48 కిలోహెర్ట్జ్ స్టీరియోలో గంటకు దాదాపు 1.4 జీబీ ఖర్చవుతుంది. 24 బిట్‌తో పోలిస్తే ఇది మూడో వంతు ఎక్కువ.

కేవలం గొంతు రికార్డు చేసుకునేవారికి ఇంత ఖర్చు అక్కర్లేదని నా అభిప్రాయం. 24 బిట్ పరికరంలో గరిష్ఠ స్థాయిని మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉంచుకుంటే సరిపోతుంది. డప్పు, ఉరుము, నాదస్వరం వంటివి పట్టేవారు మాత్రం కొనేముందు బయటి మైకు పెట్టే సౌకర్యం ఉందో లేదో, లోపలి మైకు ఎన్ని డెసిబెల్స్ ఒత్తిడి వరకు తట్టుకుంటుందో వివరాల పత్రంలో చూసుకోవాలి.