ఫ్లవర్‌హార్న్ కొరికిన పారట్ చేపలకు ఉప్పు, నీలి మందు: ఏళ్లుగా వాడుతున్న నా సమీక్ష

అక్వేరియంలో ఒక చేప ఇంకో చేపని కొరికి గాయం చేస్తే నేను ముందు బయటికి తీసేవి ప్లాస్టిక్ టబ్బు, స్పాంజి ఫిల్టర్, కల్లుప్పు. మందు సీసా ఆ తర్వాతే, అదీ అవసరం పడితేనే. మెథిలీన్ బ్లూ అనే నీలి మందు కూడా చాలాకాలంగా వాడుతున్నాను కాబట్టి రెండిటి గురించీ రాస్తున్నాను. ఉప్పుకి ఐదుకి ఐదు, నీలి మందుకి మూడు.

మా ఇంట్లో దెబ్బలు తినేవి ఎప్పుడూ రెడ్ పారట్‌లే. తైవాన్‌లో 1980ల్లో సిక్లిడ్ అనే చేపల కుటుంబంలోని జాతులను కలిపి పుట్టించిన హైబ్రిడ్ ఇది. నోరు సన్నగా ఉండి పూర్తిగా మూసుకోదు, అందుకని ఎవరైనా మీదికొస్తే తిరిగి గట్టిగా కొరకలేదు పాపం, మేత కూడా గొంతులో ఉన్న పళ్లతోనే నలుపుకుంటుంది. ఫ్లవర్‌హార్న్ కూడా హైబ్రిడ్డే, మలేషియాలో 1990ల్లో తయారైంది, కానీ దాని దవడల బలం వేరు. పిల్లగా ఉన్నప్పుడు అన్నిటితో కలిసి తిరుగుతుంది, వయసుకొచ్చి నుదుటి మీద బుడిపె పెరిగాక ట్యాంకంతా తనదే అంటుంది. మా దగ్గర ఎప్పుడూ అంతే, నిన్నటిదాకా కలిసి మేత తిన్న పారట్ పొద్దున చూస్తే హీటర్ వెనక నక్కి ఉంటుంది, తోక సగం చిరిగి, ఒక పక్క పొలుసులు ఊడి కింద ఎర్రగా కనిపిస్తూ, మొప్పలు గబగబా ఆడిస్తూ.

అప్పుడు టెన్షన్ పడి పెద్ద ట్యాంకులోనే మందులు కుమ్మరించకండి. మంచినీటి చేప రక్తంలో లీటరుకి సుమారు 9 గ్రాముల ఉప్పు ఉంటుంది, చుట్టూ నీళ్లలో దాదాపు ఏమీ ఉండదు, కాబట్టి బయటి నీళ్లు ఎప్పుడూ దాని ఒంట్లోకి చొరబడుతూనే ఉంటాయి. పొలుసులు, పైనున్న జిగురు పొర ఆ నీళ్లని చాలావరకు ఆపుతాయి, ఆ పైన లోపలికి వచ్చినదాన్ని కిడ్నీలు బయటికి తోస్తాయి. పొలుసులు ఊడినచోట ఆ అడ్డు పోతుంది, గాయం నుంచి ఒంట్లో ఉప్పు కారిపోతుంది, చేప శక్తంతా నీళ్లు తోడటానికే సరిపోతుంది. టబ్బులో కాస్త ఉప్పు వేస్తే ఆ భారం తగ్గి, కోలుకోవడానికి ఓపిక మిగులుతుంది. ఉప్పు చేసేది ఇదే. మాయ ఏమీ లేదు, కానీ ఇది చాలా పెద్ద సాయం.

నా టబ్బులో 40 లీటర్ల నీళ్లు పడతాయి. ఆ నీళ్లు పెద్ద ట్యాంకు నుంచే తీస్తాను, అది శుభ్రంగా ఉంటేనే. మొదట లీటరుకి ఒక గ్రాము లెక్కన 40 గ్రాములు, పన్నెండు గంటల తర్వాత ఇంకో 40, ఆ తర్వాత ఇంకో 40, మొత్తం లీటరుకి 3 గ్రాముల దగ్గర ఆపేస్తాను. చెంచా లెక్క నమ్మను, కల్లుప్పు రాళ్లు ఒక్కోసారి ఒక్కో సైజు, అందుకే వంటింటి కాటాలో తూస్తాను. మన నౌపడ, చినగంజాం వైపు మళ్లలో తీసే కల్లుప్పు చక్కగా పనిచేస్తుంది, చెంబుడు నీళ్లలో కరిగించి అడుగున మట్టి దిగాక పైది గుడ్డలో వడకట్టి పోస్తే చాలు. చాలామంది తప్పు లెక్క వేసేది ఒకచోట ఉంది: ఉప్పు ఆవిరవ్వదు. నీళ్లు ఆరిపోయి తగ్గితే మామూలు నీళ్లే పోయాలి, పది లీటర్లు తీసేసి మార్చినప్పుడు మాత్రమే 30 గ్రాములు కలపాలి.

ఇంకా ముఖ్యమైనది స్పాంజి ఫిల్టర్. గాయం వల్ల చచ్చే చేపలకంటే కొత్త టబ్బులో చేప వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియా విషం పెరిగి చచ్చేవే ఎక్కువని నా గట్టి నమ్మకం. అందుకే పెద్ద ట్యాంకులో ఒక స్పాంజి ఎప్పుడూ అదనంగా నడుస్తూ ఉంటుంది, దానికి పట్టిన, అమ్మోనియాని తగ్గించే బ్యాక్టీరియాతో సహా తీసి టబ్బులో పెట్టేస్తాను. మొదటి రెండు మూడు రోజులు మేత వేయను, పెద్ద చేప తట్టుకుంటుంది. రోజూ పావు వంతు నీళ్లు మారుస్తాను, హైదరాబాద్ నల్లా నీళ్లకి యాంటీ క్లోరిన్ తప్పనిసరి. వేడి 27 డిగ్రీలు. దాక్కోవడానికి పగిలిన మట్టికుండ ముక్క ఒకటి, టబ్బు మీద తువ్వాలు. ఈ తువ్వాలు విషయం తేలిగ్గా తీసుకోకండి, వెలుతురులో మనుషులు అటూ ఇటూ తిరుగుతుంటే దెబ్బతిన్న చేప బెదిరి గోడలకి కొట్టుకుని గాయం మళ్లీ రేపుకుంటుంది.

ఇక మెథిలీన్ బ్లూ. గాయం మీద తెల్లగా దూదిపింజలా లేస్తే అది ఫంగస్, అప్పుడు ఈ మందు బాగా పనిచేస్తుంది. నేను టబ్బంతా నీలంగా చేయడం మానేసి చాలాకాలమైంది, ఎందుకంటే ఇది స్పాంజిలోని మంచి బ్యాక్టీరియాని కూడా దెబ్బతీస్తుంది, మళ్లీ అమ్మోనియా మొదటికొస్తుంది. చేపని తడి మెత్తటి గుడ్డలో పట్టుకుని, మొప్పలకి మందు తగలకుండా, ఇయర్‌బడ్‌తో గాయం మీద మాత్రమే అద్ది వెంటనే నీళ్లలో వదులుతాను, అర నిమిషం కూడా పట్టదు. చేతులు, బాత్రూం టైల్స్, ట్యాంకు సిలికాన్ అన్నీ నీలం అవుతాయి, తొందరగా పోదు. ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ ఉంటే మందుని పీల్చేస్తుంది. మూడే మార్కులు ఇచ్చింది ఈ తలనొప్పులకే.

తెల్లగా కనిపించిందల్లా ఫంగస్ కాదు. మూతి చుట్టూ గానీ వీపు మీద గానీ బూడిదరంగులో చదునుగా పరుచుకుని, ఒక్కరోజులోనే పాకిపోతుంటే అది కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా జబ్బు కావచ్చు. దానికి ఉప్పు, నీలి మందు మీద ఆధారపడొద్దు, వేడి అసలు పెంచొద్దు, చేపల గురించి తెలిసిన పశువైద్యుడిని అడగాలి. అడగకుండా యాంటీబయాటిక్ గోళీలు నీళ్లలో వేసేవాళ్లని చూస్తే బాధేస్తుంది. భీమవరం వైపు చుట్టాలు ఉన్నవాళ్లు చెరువు మందులు తెప్పించుకుంటారు, అవి మంచివే కావచ్చు గానీ సీసా మీద మోతాదు ఎకరాల లెక్కన ఉంటుంది, 40 లీటర్లకి కుదించేటప్పుడు ఒక్క చుక్క తేడా వస్తే చేప ఉండదు. పసుపు సంగతి కూడా అడుగుతుంటారు. అది నీళ్లలో సరిగ్గా కరగదు, పొడి మొప్పల్లో ఇరుక్కుంటుంది, నేను వేయను.

కోలుకోవడం ఎలా ఉంటుందో చెప్తాను, కొత్తవాళ్లు ఇక్కడే భయపడతారు. చిరిగిన రెక్క అంచున ముందు గాజులా పారదర్శకమైన పొర వస్తుంది, కుళ్లు అనుకుని మళ్లీ మందు వేయకండి, అదే కొత్త రెక్క, రంగు తర్వాత ఎక్కుతుంది. పారట్‌కి గాయం చుట్టూ నల్ల మచ్చలు కూడా వస్తాయి, మానేటప్పుడు చాలాసార్లు ఇలాగే ఉంటుంది, తర్వాత మెల్లగా తగ్గుతాయి. రెక్క మొదలంటా పోతే మాత్రం మళ్లీ రాదు. కన్ను ఊడిపోయినా తిరిగి రాదు, కానీ ఒంటికన్ను పారట్ ఒకటి మా దగ్గర హాయిగా బతుకుతోంది, మేత వేసేటప్పుడు దాని మంచి కన్ను వైపు వేస్తాం.

ఉప్పు ఎవరికి పనికిరాదంటే, కోరిడోరస్, లోచ్ లాంటి ఉప్పు అంతగా పడని చేపలున్నచోట, మొక్కల ట్యాంకులో ఇదే మోతాదు వేయకూడదు. అందుకే వేరే టబ్బు అంటున్నాను.

మానిన చేపని మళ్లీ ఫ్లవర్‌హార్న్ దగ్గర వదలను. రాళ్లు, అలంకరణ మార్చి వదిలితే సర్దుకుంటాయని అంటారు, వేరే సిక్లిడ్‌లతో కొన్నిసార్లు నిజమే, ఎదిగిన ఫ్లవర్‌హార్న్‌తో నాకెప్పుడూ కుదరలేదు. రంధ్రాల అక్రిలిక్ పలక అడ్డం పెట్టి చూశాను, రబ్బరు కప్పులతో అంటించినది రాత్రికి రాత్రి తోసేసింది, గాజుకి సిలికాన్‌తో గాడి కట్టి దింపిన పలక మాత్రం ఇప్పటికీ నిలిచింది. చోటు ఉంటే ఫ్లవర్‌హార్న్‌కి వేరే ట్యాంకే పెట్టండి.