గోడ మీద యూరప్ రాజులు, మా అమ్మ కలిపిన వరసలు

పోయిన నెల ఒక ఆదివారం బెంగళూరు అవెన్యూ రోడ్డుకి పాత పుస్తకాల కోసం వెళ్ళి, పుస్తకం బదులు చుట్టచుట్టిన పెద్ద చార్టు పట్టుకొచ్చాను. యూరప్ రాజవంశాలు, 987 నుంచి 1714 వరకు. అమ్మేవాడు ఆరు వందలు చెప్పాడు. నా కన్నడ విని నవ్వి, "తెలుగులోనే అడగండక్కా, మాది హిందూపురం" అన్నాడు. నాలుగు వందల యాభైకి తెగింది. లామినేషన్‌కి ఇంకో మూడు వందలయింది. మీరు మాత్రం చేయించకండి, ట్యూబ్‌లైట్ వెలుతురు పడి పై సగం కనపడదు.

కాగితం మందంగా ఉంది, రంగులు బాగున్నాయి. ఫ్రాన్స్ భాగం చాలా బాగా వేశారు. హ్యూ కాపెట్ దగ్గర మొదలైన నీలం గీత 1328 దాకా దిగి, అక్కడ మగపిల్లలు లేక వలువా అనే పక్క కొమ్మకి మళ్ళుతుంది. ఆ వారసత్వం నాకూ ఉందని ఇంగ్లండ్ రాజు పట్టుబట్టడం 1337లో మొదలైన నూరేళ్ళ యుద్ధానికి ఒక కారణం. కాలేజీలో బట్టీపట్టినా ఎక్కని సంగతి ఆ ఒక్క మలుపు చూస్తే ఎక్కింది. ఇంగ్లండ్‌కి ఎనిమిదో హెన్రీ రాజైంది 1509లో. మన కృష్ణదేవరాయలు గద్దెనెక్కిందీ ఆ ఏడే. లామినేషన్‌కి ఇవ్వకముందే పక్కన పెన్సిల్‌తో రాసుకున్నాను.

ఇక తలనొప్పి. దేశానికో నిలువు వరస ఇచ్చారు, పెళ్ళిళ్ళేమో దేశాలు దాటాయి. హాబ్స్‌బర్గ్ వంశంలో స్పెయిన్ వాళ్ళు ఎడమ చివర, ఆస్ట్రియా వాళ్ళు కుడి చివర. ఒకే మనిషి రెండు చోట్లా ఉంటుంది, కలిపే గీత ఉండదు. కింద నోట్స్‌లో అందరూ అంకుల్సే, కజిన్సే. ఏ వైపు కజిన్?

నెల్లూరు నుంచి అమ్మ వచ్చి ఉంది. నేను చదివి చెప్తుంటే తను మార్కర్ తీసుకుని వరసలు కలిపింది. స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ 1543లో చేసుకున్న మరియా మాన్యుయేలా అతనికి మేనమామ కూతురు, మేనత్త కూతురు కూడా. "రెండువైపులా మేనరికం, మంచిదేగా" అంది అమ్మ. 1548లో మాక్సిమిలియన్, మరియా. చార్టులో వీళ్ళూ కజిన్సే. కానీ అతను ఫెర్డినాండ్ కొడుకు, ఆమె ఫెర్డినాండ్ అన్న ఐదో చార్లెస్ కూతురు, అంటే రెండో ఫిలిప్ చెల్లెలు. "అన్నదమ్ముల పిల్లలా! అన్నాచెల్లెళ్ళవుతారే!" అని మార్కర్ కింద పెట్టేసింది.

వాళ్ళ కూతురు ఆనాని ముందు రెండో ఫిలిప్ కొడుక్కే అనుకున్నారు. ఆ కుర్రాడు 1568లో పోతే, 1570లో ఫిలిప్పే చేసుకున్నాడు. ఆయన ఆమెకి సొంత మేనమామ. మా పెద్దమ్మదీ మేనమామ సంబంధమే కాబట్టి దానికి అమ్మ ఏమీ అనలేదు, "కోడలు కావాల్సిన పిల్లనా" అని మాత్రం అడిగింది. మనవడు నాలుగో ఫిలిప్ కూడా అచ్చంగా ఇదే చేశాడు. కొడుకు 1646లో పోయాడు, ఆ కొడుక్కి నిశ్చయించిన మరియానాని 1649లో తనే చేసుకున్నాడు. ఆయనకి 44, పిల్లకి 14. ఆయనా మేనమామే. వీళ్ళకి 1661లో పుట్టిన రెండో చార్లెస్ జీవితమంతా రోగిష్టి. రెండు పెళ్ళిళ్ళయినా పిల్లల్లేక 1700లో 38 ఏళ్ళకి పోయాడు. స్పెయిన్ గద్దె అతని సవతి అక్క మనవడికి పోయింది, మరుసటేడు దాని కోసం యుద్ధం మొదలైంది. ఇంత కథకీ చార్టులో ఉన్నది ఒక చిన్న నల్ల చుక్క.

ఐదుకి మూడున్నర ఇస్తాను. కొనేవాళ్ళు భూతద్దం, మార్కర్ కూడా కొనుక్కోండి. 1714 తర్వాతి భాగం దసరాకి తెప్పిస్తానన్నాడు. అమ్మ ఊరెళ్ళిపోయింది. 1548 పెళ్ళి మీద పెట్టిన ఎర్ర ఇంటూ మార్కు తడిగుడ్డతో తుడిచినా పోవట్లేదు.