బ్యాడ్ న్యూస్ బేర్స్ (1976): బెంచి మీది పిల్లల సినిమా

ఆట రాని పిల్లలు, తాగుబోతు కోచ్, మొదటి మ్యాచ్‌లోనే పరువు పోవడం, ఆఖరికి ఫైనల్. ఈ నాలుగు ముక్కలు వినగానే మిగతా కథ మనమే చెప్పేయగలం అనిపిస్తుంది. మైఖేల్ రిచీ తీసిన ఈ బేస్‌బాల్ సినిమా చాలాదూరం ఆ దారిలోనే వెళ్తుంది. ఫైనల్ మ్యాచ్ సగానికొచ్చాక మాత్రం పక్కకు తిరుగుతుంది. పిల్లల ఆటల మీద వచ్చిన సినిమాల్లో ఇప్పటికీ దీన్ని మించింది లేదు అనిపించేది ఆ మలుపు వల్లే.

దక్షిణ కాలిఫోర్నియాలో పిల్లల లీగ్ ఒకటి. బాగా ఆడేవాళ్లకే అందులో చోటు. తన కొడుకు లాంటివాళ్లను బయట పెట్టారని ఒక కౌన్సిలర్ కోర్టుకెళ్లి నెగ్గితే, మిగిలిపోయిన పిల్లలందరినీ పోగేసి బేర్స్ అనే జట్టు కడతారు. కోచ్ మోరిస్ బటర్‌మేకర్ (వాల్టర్ మాథావ్) ఒకప్పుడు మైనర్ లీగ్ (పెద్ద లీగ్‌కి కింది స్థాయి) పిచ్చర్, అంటే బ్యాటర్‌కి బంతి విసిరేవాడు, ఇప్పుడు ఇళ్లలో స్విమ్మింగ్ పూల్స్ కడుగుతున్నాడు. డబ్బిస్తున్నారు కాబట్టి ఒప్పుకుంటాడు. మొదటి మ్యాచ్‌లో యాంకీస్ జట్టు 26 పరుగులు చేసేదాకా బేర్స్ ఒక్కణ్ణి కూడా ఔట్ చేయలేకపోతారు. బటర్‌మేకర్ అక్కడితో చేతులెత్తేస్తాడు.

క్రికెట్ మాత్రమే తెలిసినవాళ్లు నాలుగు సంగతులు తెలుసుకుని కూర్చుంటే చాలు. అమెరికాలో పిల్లల బేస్‌బాల్ నడిపే లిటిల్ లీగ్ ఆటలో 6 ఇన్నింగ్స్, ఒక్కో ఇన్నింగ్స్‌లో ఒక్కో జట్టుకు 3 ఔట్లు. ఒక పరుగు కోసం చుట్టి రావాల్సిన నాలుగు బేస్‌ల మధ్య దూరం 60 అడుగులు, పెద్దవాళ్లకైతే 90. పిచ్చర్ నిలబడేది 46 అడుగుల దూరంలో, పెద్దవాళ్ల ఆటలో 60 అడుగుల 6 అంగుళాలు. బంతి బ్యాటర్ మోకాళ్లకూ ఛాతీకీ మధ్య, అతని పక్కన నేల మీదుండే ప్లేట్ మీదుగా వెళ్తేనే స్ట్రైక్ జోన్‌లో ఉన్నట్టు. అలా కాని బంతులు నాలుగు పడితే బ్యాటర్ ఊరికే మొదటి బేస్‌కి వెళ్లిపోవచ్చు. మిగెల్ అనే చిన్నారిని బ్యాటింగ్‌కి పంపడం వెనకున్న లెక్క ఇదే. వాడి పొట్టి ఒంటికి స్ట్రైక్ జోన్ జానెడే, అందులో బంతి వేయడం ఏ పిల్ల పిచ్చర్‌కైనా కష్టం.

పిల్లలు ఆటలో ఎలా తప్పులు చేస్తారో ఇంత నిజంగా చూపిన సినిమా అరుదు. నేల మీద దొర్లుతూ వచ్చే బంతికి గ్లోవ్‌ను మట్టికి ఆనించాలి. భయపడ్డ పిల్లాడు తల పక్కకు తిప్పుకుంటాడు, దాంతో గ్లోవ్ పైకి లేస్తుంది, బంతి కాళ్ల సందులోంచి పోతుంది. ఎత్తుగా లేచిన బంతి ఎక్కడ పడుతుందో చూసుకోకుండా ముందుకు ఉరికితే అది తల మీదుగా వెనక్కి పోతుంది. వెనక ఫ్రెంచ్ సంగీతకారుడు బిజే కట్టిన ఒపెరా (పాటల నాటకం) ‘కార్మెన్’ సంగీతం, ఎద్దుల పోటీ వీరుడికి కట్టిన బాణీ, దర్జాగా మోగుతుంటే ఈ పిల్లలు మట్టిలో పడి లేస్తుంటారు. ఆ బాణీ వాళ్లను గేలి చేస్తున్నట్టు ఉండదు. వాళ్ల మనసులో ఆ ఆట ఎంత పెద్దదో చెబుతుంది.

జట్టు దశ మార్చేది ఇద్దరు. అమాండా (టేటమ్ ఓనీల్) బటర్‌మేకర్ పాత స్నేహితురాలి కూతురు. చిన్నప్పుడు ఆయన నేర్పిన కర్వ్ ఆ పిల్ల దగ్గరుంది. నేరుగా వస్తున్నట్టే వచ్చి ప్లేట్ దగ్గర పడిపోయే ఈ బంతిని పన్నెండేళ్లవాళ్లు ఎక్కువగా చూసి ఉండరు, అందుకే బ్యాట్ గాలిలో తిరుగుతుంది. మరియా పెపే అనే న్యూజెర్సీ అమ్మాయి తరఫున నడిచిన కేసు తర్వాత లిటిల్ లీగ్ అమ్మాయిలకు తలుపులు తెరిచింది 1974లో. రెండేళ్లకే ఒక అమ్మాయిని జట్టుకి ప్రధాన పిచ్చర్‌గా నిలబెట్టడం చిన్న సంగతి కాదు. రెండో పిల్లాడు కెల్లీ లీక్ (జాకీ ఎర్ల్ హేలీ). మోటార్‌సైకిల్, సిగరెట్, ఊళ్లో అందరికంటే మంచి ఆట.

గెలుపులు మొదలయ్యాకే సినిమా అసలు విషయంలోకి దిగుతుంది. ఎవరి వైపు వచ్చిన బంతినైనా నువ్వే పట్టు అని బటర్‌మేకర్ కెల్లీకి చెబుతాడు. గ్లోవ్ తెరిచి నిలబడ్డ పిల్లాడి ముందుకు దూకి కెల్లీ క్యాచ్ పడతాడు. ఔట్ దక్కుతుంది, ఆ పిల్లాడు ఖాళీ గ్లోవ్‌తో నిలబడిపోతాడు. పిల్లల కోచింగ్‌లో జరిగే పొరపాటు ఇంత సూటిగా కళ్లకు కడుతుంది. కోచ్ చెడ్డవాడేం కాదు, స్కోరు చూసుకుంటున్నాడంతే.

ఫైనల్‌లో యాంకీస్ పిచ్చర్ జోయీ వాళ్ల కోచ్ రాయ్ టర్నర్ కొడుకే. తన మాట వినకుండా బ్యాటర్ ఎంగెల్‌బర్గ్ తల వైపు బంతి వేశాడని తండ్రి మైదానం మధ్యకొచ్చి అందరి ముందూ చెంప పగలగొడతాడు. తర్వాతి బంతి మెల్లగా దొర్లుతూ జోయీ చేతికే వస్తుంది. మొదటి బేస్‌కి విసిరితే ఔటే, కానీ వాడు విసరడు. పట్టుకుని అలాగే నిలబడతాడు. సొంత జట్టు పిల్లలు మీదపడి లాక్కోబోయినా వదలడు. బొద్దుగా ఉండే ఎంగెల్‌బర్గ్ ఆయాసపడుతూ నాలుగు బేస్‌లూ చుట్టేస్తాడు. అప్పుడు జోయీ ఆ బంతిని తండ్రి కాళ్ల దగ్గర పడేసి వెళ్లిపోతాడు. ఒక్క డైలాగ్ అక్కర్లేని సన్నివేశం. టర్నర్‌లో తన మొహమే కనిపించిన బటర్‌మేకర్, కప్పు అందేంత దూరంలో ఉండగా బాగా ఆడేవాళ్లను కూర్చోబెట్టి బెంచి మీది పిల్లల్ని దింపుతాడు.

లోపాలూ ఉన్నాయి. కర్వ్ వేసి వేసి అమాండా చెయ్యి నొప్పి పెడుతుంటే సినిమా దాన్ని కొంచెం తేలిగ్గా తీసుకుంది. ఇప్పటి లిటిల్ లీగ్ నిబంధన ప్రకారం 11-12 ఏళ్లవాళ్లు రోజుకు 85 బంతులే వేయాలి, 66 లేదా అంతకు మించి వేస్తే 4 రోజుల విశ్రాంతి. ఎదిగే వయసులో మోచేతి ఎముక చివరి మెత్తటి భాగం మీద భారం పడుతుంది కాబట్టే ఆ లెక్క. కెల్లీతో అమాండా కాసే డేటింగ్ పందెం ఇవాళ చూస్తే ఇబ్బందిగా ఉంటుంది.

అమెరికాలో పిల్లల్ని లిటిల్ లీగ్‌లో చేర్చిన మన తల్లిదండ్రులు ఇది తప్పకుండా చూడాలి, ముందు పిల్లలు లేకుండా. పెద్దల తోడుతో పిల్లలు చూడొచ్చనే పీజీ రేటింగ్ చూసి మోసపోవద్దు. టానర్ అనే పిల్లాడి నోట జాతుల మీద బూతులు వస్తాయి, చివర్లో పిల్లల చేతికి బీరు డబ్బాలు కూడా వస్తాయి. పదకొండు పన్నెండేళ్లు దాటిన పిల్లలకైతే ఆ మాటల గురించి ముందే కూర్చోబెట్టి చెప్పి చూపించవచ్చు. నిడివి 102 నిమిషాలు. పిల్లలంతా ఒకేసారి మాట్లాడుతుంటారు, సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. 2005లో రిచర్డ్ లింక్‌లేటర్ మళ్లీ తీసిన సినిమా పర్వాలేదు గానీ పాతదే చూడండి. 1977, 1978ల్లో వచ్చిన తరువాయి భాగాల్లో మాథావ్, ఓనీల్ ఇద్దరూ లేరు, వదిలేయొచ్చు.

ఫైనల్‌లో లూపస్ మీద ఒక కన్నేసి ఉంచండి. సీజనంతా బెంచి మూలన, నోరు మెదపని పిల్లాడు. వెళ్లి ఆడమంటే వెళ్లనని మొరాయిస్తాడు. ఎత్తుగా లేచిన బంతి వాడి వైపే వస్తుంది, పక్కన కెల్లీ లేడు. వాడే పడతాడు. బేర్స్ 7-6తో ఓడిపోతారు. ఆ కప్పేదో మీరే ఉంచుకోండని టానర్ యాంకీస్ మీద నోరు పారేసుకుంటాడు. వచ్చే ఏడాది చూసుకుందాం అని గొంతు చించుకుని అరిచేది మాత్రం లూపస్.