డెన్వర్ చుట్టుపక్కల సెకండ్ హ్యాండ్ "లాంగ్ రేంజ్ ప్యాకేజ్" రైఫిల్ కొనేవాళ్ళు ముందు ఇది చదవండి, నేను అడ్డంగా బుక్కయ్యా

ముందే చెప్తున్నా, పోస్ట్ పెద్దది. ఈ సీజన్‌కి మ్యూల్ డీర్ (ఇక్కడి ఒక రకం జింక) ట్యాగ్, అంటే ఒకదాన్ని వేటాడే పర్మిట్, వచ్చి రైఫిల్ కోసం షాపుల చుట్టూ తిరిగేవాళ్ళు మన వాళ్ళలో కూడా ఎక్కువయ్యారు, వాళ్ళ కోసమే రాస్తున్నా. షాపు పేరు చెప్పను, మెసేజ్‌లో అడిగినా చెప్పను, ఎందుకంటే ఇలాంటి ప్యాకేజీలు ఆ ఒక్క షాపులోనే అమ్ముతారని నేననుకోవట్లేదు.

నా సంగతి చెప్పాలంటే, కాలేజీలో ఎన్‌సీసీలో పాయింట్ టూటూ రైఫిల్‌తో పది రౌండ్లు కాల్చా, అంతే అనుభవం. మన దేశంలో 1972 చట్టం తర్వాత వేటే లేదు కదా, తుపాకీ గురించి మనకి తెలిసిందంతా సినిమాల్లో చూసిందే. ఇక్కడికొచ్చాక మా గుంటూరు అన్న ఒకాయన, పదేళ్ళ పైనుంచి వేటకెళ్తాడు, ఆయన వెనకాల రెండేళ్ళు సంచి మోసి, హంటర్ ఎడ్యుకేషన్ క్లాస్ పాసై, కొలరాడోలో డీర్ లైసెన్స్ అంతా డ్రానే, అంటే లాటరీ, కాబట్టి ఏప్రిల్‌లో అప్లై చేయడం, రాకపోతే ప్రిఫరెన్స్ పాయింట్ (తర్వాతి డ్రాలో ముందుకి తోసేది) దాచుకోవడం, మళ్ళీ అప్లై చేయడం, చివరికి నవంబర్ సీజన్‌కి బక్ (మగ జింక) ట్యాగ్ పడింది. ఏరియా వాయవ్య మూల, క్రెయిగ్ దాటాక. సేజ్‌బ్రష్ పొదలు, అక్కడక్కడా జూనిపర్ చెట్లు, ఒక గుట్ట ఎక్కితే మూడు మైళ్ళు కనిపిస్తుంది.

ఇక్కడే నా బుర్ర చెడింది. అంత ఓపెన్ కంట్రీ అంటే ఐదొందలు ఆరొందల గజాల నుంచి కాల్చాలేమో అనుకున్నా. అన్న దగ్గరున్నది పాత .270 విన్‌చెస్టర్ రైఫిల్, ఆ కార్ట్రిడ్జ్ (బుల్లెట్, మందు, కేసు కలిపిన పూర్తి తూటా) 1925 నాటిది, మామూలు స్కోప్ (గురిచూసే దుర్బిణి), డయల్ తిప్పేది లేదు ఏం లేదు. ఆయన చెప్పింది ఒకటే, "ఒరేయ్, 200 గజాలకి జీరో పెట్టు, అంటే గురిపెట్టిన చోటే పడేలా స్కోప్ సరిచెయ్యి, 300కి ఆరంగుళాలు కిందికి పోద్ది, కొంచెం పైకి పట్టుకుని కొట్టు, అంతకన్నా దూరమైతే పాక్కుంటూ దగ్గరికి పో." నాకేమో ఆయన పాతకాలం మనిషనిపించింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారే, అదే.

షాపువాడు కౌంటర్ వెనక రాక్ మీద పెట్టాడు. .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్, తేలిక స్టాక్, బ్యారెల్ చివర మజిల్ బ్రేక్ (కిక్ తగ్గించే రంధ్రాల ముక్క), పైన పెద్ద స్కోప్, ఆ స్కోప్ డయల్ మీద మామూలు క్లిక్ అంకెలు కాకుండా నేరుగా గజాలు చెక్కున్నాయి. 200, 250, 300, అలా 800 దాకా. దూరం కొలువు, ఆ అంకెకి తిప్పు, కాల్చు. "ఒక్కరే వాడారు, వంద రౌండ్లు కూడా దాటలేదు, బోర్‌సైట్ (బ్యారెల్‌నీ స్కోప్‌నీ ఒకే వైపు చూసేలా సరిచేయడం) మేమే చేశాం, హంట్‌కి రెడీ" అన్నాడు. 1,450 డాలర్లు. ఇవే విడివిడిగా కొంటే రెండు వేలు దాటుద్దని ఫోన్‌లో లెక్కేసుకుని తెగ సంబరపడిపోయా.

ఇప్పుడు అసలు విషయం. డయల్ అంచున చిన్న అక్షరాల్లో 308, 168 అని చెక్కుంది. నేను చూశా! చూసి అడిగా కూడా, ఇది .300 మ్యాగ్నమ్ కదా, 308 అని ఉందేంటి అని. వాడు నవ్వి, .300 మ్యాగ్‌లో పడే బుల్లెట్ డయామీటర్ కూడా .308 అంగుళాలే బ్రో అన్నాడు. అక్కడే నిలబడి గూగుల్ చేశా, నిజమే, .308 అంగుళాలే. ఇక డౌటేముంది, కార్డ్ ఇచ్చేశా.

వాడు చెప్పిన మాటలో అబద్ధం లేదు, అదే దెబ్బ. బుల్లెట్ లావు ఒకటే అయినంత మాత్రాన కార్ట్రిడ్జ్ ఒకటి కాదు. డయల్ మీదున్న 308, 168 అంటే .308 విన్‌చెస్టర్ కార్ట్రిడ్జ్‌లో 168 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్‌కి చెక్కిన డయల్ అని. అది సెకనుకి దాదాపు 2,650 అడుగుల స్పీడ్‌తో బయల్దేరుద్ది. నేను కొన్న .300 మ్యాగ్‌లో 180 గ్రెయిన్ బుల్లెట్ 2,950 దగ్గర్లో పోద్ది. నెమ్మదిగా పోయే తూటా ఎక్కువ కిందికి పడుద్ది కాబట్టి దానికోసం చెక్కిన డయల్ స్కోప్‌ని ఎక్కువ తిప్పుద్ది, స్పీడ్ తూటాకి ఆ తిప్పుడు అక్కర్లేదు, అది పైనుంచి పోద్ది. ఎవరో ట్రేడ్‌లో ఇచ్చిన రైఫిల్, ఇంకెవరో ఇచ్చిన స్కోప్, బోడిగుండుకీ మోకాలికీ ముడేసినట్టు రెండూ కలిపి ప్యాకేజ్ అని అమ్మాడు. ఒక్కరే వాడారన్నది రైఫిల్ గురించా స్కోప్ గురించా అని నేను అడగలేదు లెండి.

ముందే ఎందుకు పట్టుకోలేదంటారా, మా ఇంటి దగ్గర రేంజ్ వంద గజాలే. వందకి జీరో చేస్తే ఏ డయల్ అయినా కరెక్ట్‌గానే ఉంటది. తేడా 200 దగ్గర అంగుళం పైన, కనపడదు కూడా, మన చెయ్యి వణుకుడులో కలిసిపోద్ది. 300 దగ్గర నాలుగంగుళాలు, 400కి వచ్చేసరికి ఏడెనిమిది. వంద గజాల్లో మూడు రంధ్రాలు పక్కపక్కన పడ్డాయని ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టా, మా అమ్మ కంగారుపడి ఫోన్ చేసింది, అది వేరే కథ.

ఎక్కువ ప్రాక్టీస్ చేయలేదు కూడా, అది నా తప్పే. చేయకపోడానికి కారణం ఆ కిక్. ఏడు పౌండ్ల రైఫిల్‌లో .300 మ్యాగ్ భుజం మీద కొట్టే దెబ్బ 6.5 క్రీడ్‌మోర్ అనే చిన్న కార్ట్రిడ్జ్‌కి రెట్టింపు ఉంటది. బ్రేక్ ఉంది కాబట్టి కొంత తగ్గింది, కానీ బ్రేక్ ఆ గ్యాస్‌ని పక్కలకి, వెనక్కి నెట్టుద్ది, సౌండ్ మామూలుగా ఉండదు, పక్క బెంచ్‌లో పెద్దాయన లేచి వేరే చోటికి పోయాడు. పది రౌండ్లకే ట్రిగ్గర్ నొక్కేముందు కళ్ళు మూసుకోవడం అలవాటైపోయింది నాకు. తూటా ఒక్కోటి రెండు డాలర్ల పైనే, ఇంక ప్రాక్టీస్ ఏం చేస్తాం.

హంట్‌కి వెళ్ళేదారిలో ఐ-70 మీద రైఫిల్ అనే ఊరే ఉంది, నిజంగానే ఆ ఊరి పేరు రైఫిల్, అక్కడినుంచి 13 నంబర్ రోడ్డెక్కి మీకర్ మీదుగా క్రెయిగ్. ఆ బోర్డ్ దగ్గర సెల్ఫీ దిగి మంచి శకునం అనుకున్నాం.

మూడో రోజు పొద్దున అన్న బైనాక్యులర్స్‌లో పట్టాడు, ఎదురు వాలులో జూనిపర్ పక్కన బక్, పెద్ద చెవులు కంచరగాడిదకున్నట్టే, అందుకే కదా ఆ పేరు. రేంజ్‌ఫైండర్ (దూరం కొలిచేది) 390 గజాలు చూపించింది. అన్న మెల్లిగా, వాగులో దిగి పోదాం, 250 లోపలికి వెళ్ళొచ్చు, గాలి కూడా మనకి ఎదురే ఉంది అన్నాడు. నేను వినలేదు. బ్యాగ్ మీద రైఫిల్ ఆనించి, పడుకుని, డయల్ 390కి తిప్పి, భుజం వెనక గురిపెట్టి నొక్కా. కిందికి వాలుగా కాల్చినప్పుడు తూటా ఇంకొంచెం పైకి పోతుందన్నది కూడా అప్పటికి నాకు లెక్కలో లేదు. వీపు మీదుగా పోయి వెనక మట్టిలో దుమ్ము లేచింది. అది నాలుగు కాళ్ళూ ఒకేసారి నేలకి కొట్టి స్ప్రింగ్‌లా ఎగురుకుంటూ గుట్టెక్కింది, పైన ఒక్కసారి ఆగి మా వైపు చూసింది, పోయింది. నేను మళ్ళీ బోల్ట్ లాగబోతే అన్న చెయ్యి పట్టుకున్నాడు. ఆయనకి చెవుల్లో మూడు రోజులు గుయ్యిమంటూనే ఉంది, ఆ బ్రేక్ పుణ్యమే.

కిందికి వెళ్ళి గంటసేపు వెతికాం, రక్తపు చుక్క లేదు, వెంట్రుక లేదు, క్లీన్ మిస్. రెండంగుళాలు కిందికి తగిలుంటే వీపు మీద గాయంతో అది ఎక్కడో వారం రోజులు కుళ్ళి చచ్చేది. డబ్బు పోయినందుకన్నా అది తలుచుకుంటేనే ఇప్పటికీ నిద్ర పట్టట్లేదు.

ఇంటికొచ్చాక పొడవు రేంజ్ వెతుక్కుని వెళ్ళి 400 గజాలకి పేపర్ పెట్టి డయల్ 400కి తిప్పి మూడు కాల్చా. మూడూ ఒకే చోట, గురికి ఏడున్నర అంగుళాలు పైన. రైఫిల్ బంగారం, స్కోప్ కూడా మంచిదే, రెంటికీ పెళ్ళి చేసినోడిదే తప్పు. షాపుకెళ్తే, ఫామ్ 4473 (తుపాకీ కొనేటప్పుడు నింపే ఫెడరల్ ఫామ్) నింపి ట్రాన్స్‌ఫర్ అయిపోయాక తుపాకీ వాపసు లేదు, రసీదు మీద యాజ్ ఈజ్, అంటే ఉన్నదున్నట్టు, అని ఉంది చూసుకోలేదా అన్నారు, కావాలంటే తొమ్మిదొందల స్టోర్ క్రెడిట్ అట. కొలరాడోలో 2023 అక్టోబర్ నుంచి తుపాకీ చేతికివ్వడానికి మూడు రోజులు ఆగాలి కదా, ఆ మూడు రోజులూ ఆ డయల్ మీద రాసింది ఏంటో కనుక్కోకుండా వెయ్యి గజాల షాట్ వీడియోలు చూస్తూ కూర్చున్నా.

కాబట్టి ఎవరైనా స్కోప్ పెట్టేసిన రైఫిల్ కొంటుంటే, బ్యారెల్ మీద చెక్కిన కార్ట్రిడ్జ్ పేరు, మీరు కొనే తూటాల పెట్టె మీద పేరు, డయల్ మీద రాత, మూడూ ఒక్కటేనా చూడండి, బుల్లెట్ బరువుతో సహా. గజాల డయల్ అంటే ఒక కార్ట్రిడ్జ్‌కి, ఒక బుల్లెట్‌కి, ఒక స్పీడ్‌కి, సముద్రమట్టం నుంచి ఒక ఎత్తుకి కుట్టించిన జాకెట్ లాంటిది, ఇంకొకరికి పట్టదు. మామూలు డయల్ వేయించి ఇస్తావా అని అడగండి. బోర్‌సైట్ చేశామంటే జీరో చేసినట్టు కాదు, మొదటి తూటా పేపర్ మీద ఎక్కడో ఒకచోట పడుద్దని మాత్రమే. స్కోప్‌ని రైఫిల్‌కి బిగించే బేస్ స్క్రూలు, రింగ్ స్క్రూలు మీ ముందే టార్క్ రెంచ్‌తో (బిగింపు కొలిచేది) చూపించమనండి. వాపసు సంగతి 4473 మీద పెన్ను పెట్టకముందే కాగితం మీద రాయించుకోండి. సీజన్‌కి ముందు 300 గజాలకి మీ చేత్తో మీరు కాల్చని రైఫిల్‌తో 300 గజాల జంతువు మీద కాల్చొద్దు.

అసలు ఆ మ్యాగ్నమే అక్కర్లేదండీ. ఇక్కడ రూల్ ప్రకారం డీర్‌కి .24 క్యాలిబర్ (బుల్లెట్ లావు), 70 గ్రెయిన్ బుల్లెట్ నుంచే సరిపోతాయి, .270 గానీ, 6.5 క్రీడ్‌మోర్ గానీ, 1906 నాటి .30-06 గానీ, భయపడకుండా వంద రౌండ్లు ప్రాక్టీస్ చేయగలిగేది ఏదైనా చాలు. ఓపెన్ కంట్రీలో మోసం చేసేది గాలి. గంటకి పది మైళ్ళ పక్కగాలికి క్రీడ్‌మోర్ తూటా 200 గజాల్లో రెండున్నర అంగుళాలు జరుగుద్ది, 400 గజాల్లో పదంగుళాలు, దాన్ని ఏ గజాల డయలూ చెప్పదు.

ఇంకోటి, చాలామందికి తెలీదు. హెచ్1బి, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ కొనడమే కాదు, చేత్తో పట్టుకోవడం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులుంటే తప్ప. ఫ్రెండ్స్‌తో సరదాగా రేంజ్‌కి వెళ్ళి ఫోటోలు దిగేవాళ్ళు ముందు లాయర్‌ని అడగండి. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళకి ఈ గొడవ లేదు.

స్టోర్ క్రెడిట్ తీసుకోలేదు. స్కోప్‌కి మామూలు డయల్ తెప్పించి వేయించా, బ్రేక్ ఉంచితే ఆ సౌండ్, తీసేస్తే ఆ కిక్, రెండూ భరించలేను కాబట్టి రైఫిల్ అమ్మేస్తున్నా, కొనేవాళ్ళకి ఈ కథంతా చెప్పే అమ్ముతా. వచ్చే సీజన్‌కి అన్న తన .270 ఇస్తానన్నాడు, 300 దాటి కాల్చనని ఒట్టేయించుకుని మరీ. ఆ గజాల డయల్ మాత్రం టేబుల్ మీదే పడుంది, నిజంగా .308 విన్‌చెస్టర్‌లో 168 గ్రెయిన్ వాడేవాళ్ళు ఉంటే, అదే స్కోప్ మోడల్ అయితే, ఊరికే ఇచ్చేస్తా, వచ్చి తీసుకెళ్ళండి. పేపర్ మీద కాల్చి చూసుకున్నాకే వాడండి.