పాత చెక్క పెట్టెల కోసం తిరుపతి, చిత్తూరులో నాలుగు రోజులు

మా అమ్మమ్మ వంటింట్లో ఒక పోపుల పెట్టె ఉండేది. పనస చెక్కతో చేసింది. మూత పైకి లేచేది కాదు, పక్కకు జరిగేది. దాని మీద పసుపు గీతల మధ్య ఎర్ర తామరపువ్వు. ఇల్లు పంచుకున్న రోజున ఇత్తడి బిందెలకు లెక్క రాశారు గానీ ఆ పెట్టె ఎవరి వాటాకూ రాలేదు, ఆ తర్వాత కనబడనూ లేదు. పన్నెండేళ్లుగా నేను పాత చెక్క సామాను కోసం ఊళ్లు తిరగడానికి మొదలు అదే. మొన్న దసరా అయిపోయాక మా మేనత్తను తోడు తీసుకుని తిరుపతి, చిత్తూరు వెళ్లొచ్చాను. ఇలాంటివి వెతికేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు బస సంగతి. మొదటి రాత్రి బస్టాండు దగ్గర ఒక ప్రైవేటు లాడ్జిలో దిగాం. లిఫ్టు పనిచేయడం లేదని డబ్బు కట్టించుకున్న తర్వాత చెప్పారు. మోకాళ్ల నొప్పులున్న అత్తను మూడో అంతస్తుకు ఎక్కించడానికి నేను పడిన అవస్థ నాకే తెలుసు. మర్నాడు దర్శనం ఉంది కాబట్టి, రైల్వే స్టేషన్ ఎదురుగా ఉన్న విష్ణునివాసంలో ముందే బుక్ చేసుకున్న గదికి మారిపోయాం. ఆడంబరం లేని గది, శుభ్రంగా ఉంది. స్టేషన్ ఎదురుగానే కావడంతో బరువైన మూటలు మోసుకు తిరిగే పని తప్పింది. యాత్రికుల కోసం కట్టిన బస కాబట్టి దర్శనం పెట్టుకున్న రోజులకే దాన్ని వాడుకోవడం న్యాయం. చివరి రెండు రాత్రులు చిత్తూరులో అత్త వాళ్ల బంధువుల ఇంట్లో ఉన్నాం.

తిరుపతిలో మొదట చూడాల్సింది గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉన్న వీధులు, గాంధీరోడ్డు. మట్ల అనంతరాజు కట్టించిన ఆ పెద్ద గోపురం నీడలో ఇత్తడి కొట్లు, బొమ్మల కొట్లు వరసగా ఉంటాయి. ఇక్కడ మరపాచి బొమ్మలు దొరుకుతాయి. ఆలుమగల జంటగా చెక్కిన ఈ ఎర్రచందనం బొమ్మలను పెళ్లికూతురికి ఇస్తారు, దసరా కొలువులో పెడతారు. ఎర్రచందనం నీళ్లలో మునిగేంత బరువు. చేతిలోకి తీసుకోగానే తేలిగ్గా అనిపిస్తే అనుమానించాల్సిందే. కొంటే బిల్లు తప్పకుండా అడగండి. శేషాచలం అడవుల్లోంచి ఈ చెక్క దొంగతనంగా తరలిపోతోందని నిఘా గట్టిగా ఉంటుంది, దారిలో ఆపి అడిగితే ఆ కాగితమే మీకు రక్ష. బిల్లు అడిగితే మొహం చిట్లించిన చోట నేను కొనలేదు.

కొత్త బొమ్మలకు ఈ వీధులు మంచివే. పాత పెట్టెల విషయంలో మాత్రం నాకు నమ్మకం కలగలేదు. ఒక కొట్లో నామాలు, శంఖుచక్రాలు వేసిన ముడుపుల పెట్టె చూపించి "నూరేండ్లదమ్మా, జమీందారు ఇంట్లోది" అన్నారు. పదహారు వేలు చెప్పారు. బయటి వెలుతురులోకి తీసుకొచ్చి చూశాను. మూల మీద చెక్క బాగా అరిగి ఉంది, ఆ అరుగుదల లోపలికి కూడా ఎర్ర రంగు దిగి ఉంది. పాత రంగు అలా ఉండదు. చెయ్యి తగిలే చోట ముందు రంగు పోతుంది, తర్వాత చెక్క అరుగుతుంది. అరిగిన చోట రంగు ఉందంటే అరగదీసిన తర్వాత పూశారు. పురుగు తిన్నట్టున్న చిల్లులు కూడా సూటిగా, అన్నీ ఒకే లావున ఉన్నాయి. నిజమైన పురుగు వంకరలు తిరుగుతూ తింటుంది. నేను ఇవన్నీ అడిగేసరికి ఆయన కోపం తెచ్చుకోలేదు. "కారైకుడి నుంచి వచ్చిందమ్మా, మాకు అట్లనే చెప్పినారు" అన్నారు. కారైకుడి తమిళనాడులో పాత సామాను వ్యాపారానికి పేరున్న ఊరు. అంతవరకూ నిజం చెప్పినందుకు సంతోషించాను.

పాతవి కొని విదేశాల్లో ఉన్న పిల్లలకు పంపేవాళ్లకు ఒక మాట. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన వస్తువును మామూలు మనుషులు దేశం దాటించకూడదు. నూరేళ్లదని గట్టిగా చెప్పి అమ్మే వ్యాపారి ఈ మాట కూడా చెప్పాలి. నాకు ఒక్కరూ చెప్పలేదు.

రెండో రోజు దర్శనం ముగించుకున్నాం. మూడో రోజు పొద్దున్నే ఆటో మాట్లాడుకుని ఏర్పేడు మండలంలోని మాధవమాల వెళ్లాం. రానూ పోనూ, ఆగినంతసేపూ కలిపి పద్దెనిమిది వందలు. ఈ యాత్రలో అన్నిటికంటే నాకు నచ్చిన చోటు ఇదే. ఊరంతా ఉలి చప్పుడే. దేవుడి విగ్రహాలు, వాహనాలు చెక్కే కుటుంబాలున్న ఊరు. ఇక్కడ పాత సామాను అమ్మరు. నేను వెళ్లింది నా దగ్గరున్న ఒక పెట్టె చూపించడానికి. అది కూడా జరిపే మూతే, కానీ ఒక పక్క గాడి విరిగి మూత బిగుసుకుపోయింది. ఒక ఆచారి గారు దాన్ని ఒళ్లో పెట్టుకుని, మూతను వేలితో తట్టి విన్నారు. పక్కనున్న చెక్కముక్కల కుప్పలోంచి ఐదారు తీసి పీచు సరిచూసి, ఒకటి ఏరి, సన్నని పట్టీ చెక్కి, మేకు కొట్టకుండా గాడిలోకి దూర్చారు. గంటన్నర పట్టింది. మూత ఇప్పుడు ఒక వేలితో నెడితే జరుగుతుంది.

"రంగు కూడా కొంచెం సరిచేస్తారా ఆచారీ?" అన్నాను, వెలిసిపోయిన పువ్వు చూపిస్తూ.

"దాని మీద చెయ్యి పెట్టొద్దమ్మా. వేసినోడి చెయ్యి ఉండాది అందులో. నేను పూస్తే నా చెయ్యి కనబడతాది" అన్నారు. నాలుగు వందలు తీసుకున్నారు. ఇంకో వంద ఇవ్వబోతే వద్దన్నారు.

తిరిగొచ్చాక సాయంత్రం చంద్రగిరి. అక్కడి కోటలోని రాజమహల్‌ను నేను చూడాలనుకున్నదే చెక్క పిచ్చితో. మూడంతస్తుల ఆ మహల్ కట్టడానికి కలప వాడలేదు, అంతా రాయి, ఇటుక, సున్నమే. లోపల మ్యూజియం ఉంది, శుక్రవారం సెలవు. శిల్పాలు చాలా బాగున్నాయి. ఇంటి సామాను కోసమైతే అక్కడిదాకా వెళ్లక్కర్లేదు.

ఆ రాత్రే చిత్తూరు బస్సెక్కాం. డెబ్భై కిలోమీటర్లు, రెండు గంటలు. చిత్తూరులో పాత ఇనుము, పాత ఇళ్ల సామాను కొనే కొట్లే మనకు దిక్కు. తిరుపతిలో లాగా అద్దాల బీరువాలు ఉండవు. కూలగొట్టిన ఇళ్ల ద్వారబంధాల కింద, కిటికీ రెక్కల వెనక మనమే వంగి వెతుక్కోవాలి. ఒక కొట్లో రెండు గంటలు దుమ్ములో కూర్చున్నాను, యజమాని విసుక్కోకుండా టీ తెప్పించాడు. అక్కడ దొరికినవి: ధాన్యం కొలిచే, ఇత్తడి కట్లు వేసిన చెక్క పడి ఒకటి, అంచు అరిగిన సంగటి కట్టె, ఒక వామనగుంటల పీట. 1956లో కొలతల చట్టం వచ్చి లీటర్లు, కిలోలు అలవాటయ్యాక పడులూ, సోలలూ అటకెక్కాయి, అందుకే పగుళ్లు లేకుండా మిగిలాయి. వామనగుంటల పీటలో వరసకు ఏడు చొప్పున పద్నాలుగు గుంటలు. చింతగింజలు రాసుకుని రాసుకుని గుంటలన్నీ అద్దంలా నునుపుదేరాయి. ఒక చివర ఒక గుంట మాత్రం తక్కినవాటి కంటే లోతు. ఆ పక్కన కూర్చుని ఆడిన పిల్లెవరో గింజలు గట్టిగా కొట్టేదేమో. అన్నీ కలిపి మూడు వేల ఆరు వందలకు ఇచ్చాడు. నాకది న్యాయమైన ధర అనిపించింది.

నాలుగో రోజు మధ్యాహ్నం కాణిపాకం దారిలో, అత్తకు తెలిసిన ఒక పెద్దావిడ ఇంటికి భోజనానికి వెళ్లాం. సంగటి, ఊరిబిండి పెట్టింది. చేతులు కడుక్కోవడానికి వంటింట్లోకి వెళ్తే, పొయ్యి గట్టు మీద అది ఉంది. జరిపే మూత, ఎర్ర తామర, పసుపు గీతలు. మా అమ్మమ్మది కాదు, పువ్వుకు రేకులు ఎక్కువ. ఐనా నాకు కాసేపు మాట రాలేదు.

"అవ్వా, ఇది ఇస్తారా? ఎంతైనా ఇస్తాను" అన్నాను.

"అమ్మేది కాదు పాపా అది. దాంట్లో ఆవాలుండాయి" అంది.

మూత జరిపి చూపించింది. ఆవాలు, జీలకర్ర, మెంతులు, మిరియాలు, పసుపు కొమ్ములు. ఆరో అర ఖాళీ. "అది చిల్లర డబ్బులకు. మా మామకు తెలీకుండా" అని నవ్వింది. పసుపు అర గోడ లోపలంతా పచ్చబడి ఉంది. మూత వెనక అంచున సరిగ్గా బొటనవేలు పట్టేంత చోట రంగు పూర్తిగా పోయి, చెక్క తేనెరంగు తేరింది. కొలతలు తీసుకున్నాను, ఫొటోలు తీసుకున్నాను, మెంతుల వాసన చూసి మూత వేశాను. అడగనే కూడదని తర్వాత అనిపించింది.

తెచ్చే పని గురించి: పోయినసారి ఒక కొరియర్లో పంపితే మూత అంచు పగిలి వచ్చింది, నష్టం ఎవరూ ఇవ్వలేదు. ఈసారి పాత నూలు చీరలు చుట్టి, మధ్యలో వరిగడ్డి కుక్కి, రైల్లో సీటు కింద పెట్టుకుని తెచ్చాను. రంగుల చెక్కను నీళ్లతో కడగొద్దు. మెత్తని బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు. చిల్లుల కింద పిండిలా రాలుతుంటే పురుగు ఇంకా బతికుందన్నమాట, తక్కిన సామానుకు దూరంగా పెట్టి ముందు దాని సంగతి చూడాలి.

మాధవమాలలో ఆ ఫొటోలు, కొలతలు చూపించి, పనస చెక్కతో అచ్చంగా అలాంటి పెట్టె చేయించుకుందామని ఉంది. ఆచారి గారికి ఫోన్ చేస్తే సంక్రాంతి తర్వాత రమ్మన్నారు. అవ్వ కూడా రమ్మంది, దసరా ముందు వస్తే కొలువు బొమ్మల కోసం అటక మీది పెట్టెలన్నీ కిందికి దించుతానంది. రెండు ప్రయాణాలకూ అత్త ఇప్పుడే సరేనంది.